కోర్టులోకి దిగనివ్వని ఆటగాడు

2017లో నేను అల్ ఖోబర్‌లో ఒక ప్రైవేటు కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టుకు అసిస్టెంట్ కోచ్‌ని. మాది గుంటూరు. యూనివర్సిటీ జట్టుకు ఆడి, కొన్నాళ్ళు ఊళ్ళో పిల్లలకు ఆట నేర్పి, దమ్మామ్‌లో ఒక ఇండియన్ స్కూలుకు డ్రిల్ మాస్టారుగా వెళ్ళాను. అక్కణ్ణుంచి ఈ కాలేజీకి మారాను. సెలవుల్లో ఇంటికొచ్చినప్పుడు, సౌదీలో బాస్కెట్‌బాల్ నేర్పుతున్నానంటే మావాళ్ళు నవ్వేవాళ్ళు. అక్కడ ఫుట్‌బాల్ పిచ్చి ఎక్కువన్న మాట నిజమే. కానీ మా జట్టులో సూడాన్ కుర్రాళ్ళు, లెబనాన్ వాళ్ళు, ఫిలిప్పీన్స్ వాళ్ళు, మన పిల్లలు ఉండేవాళ్ళు. చాలామంది అక్కడే పుట్టి, అక్కడి స్కూలు గ్రౌండ్లలోనే బంతి పట్టడం నేర్చుకున్నవాళ్ళు.

అసిస్టెంట్ కోచ్ పని బయటివాళ్ళకు కనపడదు. మ్యాచ్ రోజున గీత పక్కన నిలబడి కేకలు పెట్టేది హెడ్ కోచ్. ఆయన వెనక కుర్చీలో కూర్చుని ఎవరికెన్ని ఫౌల్స్ పడ్డాయో చూసుకునేవాణ్ణి నేను. నా అసలు పని మ్యాచ్‌లు లేని రోజుల్లో. దాన్ని రిక్రూటింగ్ అంటారు. స్కూళ్ళ చుట్టూ తిరిగి, పనికొచ్చే పిల్లల్ని కనిపెట్టి, వాళ్ళ తల్లిదండ్రులతో మాట్లాడి, స్పోర్ట్స్ కోటాలో మా కాలేజీలో చేర్పించాలి. సగం కళ్ళతో చేసే పని, సగం నోటితో చేసే పని.

ఆ ఏడాది రెండూ కష్టమయ్యాయి. కుటుంబంతో ఉన్న విదేశీయుల మీద, భార్యాపిల్లల తలకింతని ప్రభుత్వం వసూలు చేసే లెవీ అప్పుడే మొదలైంది. సాయంత్రాలు ఏ వీధికి వెళ్ళినా అట్టపెట్టెలకు టేపు చుట్టే చప్పుడే. పోయినేడు నేను చూసిపెట్టుకున్న పిల్లల్లో చాలామంది ఎగ్జిట్ మీద, అంటే వీసా రద్దు చేసుకుని, దేశం వదిలి వెళ్ళిపోయారు. ఫోన్ చేస్తే స్విచ్చాఫ్ అని వచ్చేది. ఇంకోపక్క నితాఖాత్. ప్రతి సంస్థా ఇంతమంది సౌదీలను ఉద్యోగంలో పెట్టుకోవాలి, లేకపోతే మాలాంటివాళ్ళ ఇఖామాలు, అంటే అక్కడ ఉండడానికిచ్చే పర్మిట్లు, రెన్యూ కావు. మా కాలేజీ తుర్కీ అనే సౌదీ కుర్రాణ్ణి నాకు ట్రైనీగా ఇచ్చింది. అతనికి పని నేర్పమన్నారంటే నా కుర్చీ అతనికిస్తారని నాకూ తెలుసు, అతనికీ తెలుసు. కానీ మనిషి మంచివాడు. మొదటిరోజే నా దగ్గరకొచ్చి, "కోచ్, నేనడిగి రాలేదు" అన్నాడు. ఆ తరవాత మా మధ్య ఆ ప్రస్తావన రాలేదు.

హెడ్ కోచ్ ఈజిప్టు మనిషి, నబీల్. అక్కడ కోచ్‌ని కాప్టెన్ అని పిలుస్తారు. కాప్టెన్ నబీల్‌కి ఆ సీజన్‌లో ఒకటే బెంగ, జట్టులో పొడవాటివాడు లేడని. సెంటర్ అంటే బుట్ట కింద నిలబడి బంతి లాక్కునే ఆటగాడు. మా సెంటర్ కుటుంబంతో సహా ఖార్టూమ్ వెళ్ళిపోయాడు. "ఎక్కణ్ణుంచైనా పట్టుకురా, టోర్నమెంటు దగ్గరికొచ్చేసింది" అని రోజూ పోరేవాడు.

ఎండ తగ్గిన ఒక నవంబరు సాయంత్రం దమ్మామ్‌లో ఒక స్కూలు సిమెంటు కోర్టు దగ్గర రియాజ్‌ని చూశాను. పన్నెండో తరగతి పూర్తిచేసి, ఖాళీగా ఉండి, పాత స్కూల్లో ఆడుకోవడానికి వస్తున్నాడు. మందపాటి కళ్ళద్దాలు, వాటికి వెనక ఎలాస్టిక్ తాడు. ఒక్కసారి బంతి అందుకున్నాడు. ఆ వేళ్ళు బంతిని నారింజపండు పట్టుకున్నట్టు పట్టుకున్నాయి. మిగతావాళ్ళు ఎగిరితే గాని అందనిది, అతనికి మడమలెత్తితే అందుతోంది.

దగ్గరికి పిలిచి గోడకానించి చేతులు చాపమన్నాను. ఒక చేతి కొస నుంచి ఇంకో చేతి కొసకు ఉన్న దూరాన్ని మేం వింగ్‌స్పాన్ అంటాం. మామూలు మనుషుల్లో అది ఎత్తుతో ఇంచుమించు సమానం. కొంచెం ఎక్కువున్నవాడు మాకు బంగారం. రియాజ్‌కి జానెడుకు పైగా ఎక్కువుంది. తుర్కీ టేపు పట్టుకుని నావంక చూసి నవ్వాడు. నాకూ లోపల ఎగిరి గంతేయాలనిపించింది. ఇలాంటి కుర్రాణ్ణి తెచ్చినవాణ్ణి కాలేజీ అంత తేలిగ్గా పంపించదులే అని కూడా అనిపించింది.

రియాజ్ వాళ్ళ నాన్న మస్తాన్‌ది రాయచోటి. ఒక మెయింటెనెన్స్ కంపెనీలో ఏసీ టెక్నీషియన్. పిల్లలిద్దరూ దమ్మామ్‌లోనే పుట్టారు. లెవీ భరించలేక భార్యనీ కూతుర్నీ ఊరికి పంపించేయాలని అప్పటికే నిర్ణయించుకున్నాడు, వాళ్ళిద్దరికీ ఎగ్జిట్ వేయించేశాడు కూడా. రియాజ్ సంగతే తేలలేదు. పద్దెనిమిది నిండిన మగపిల్లాడు తండ్రి ఇఖామా మీద అక్కడ ఉండాలంటే, అక్కడే చదువుతున్నట్టు కాగితం చూపించాలి. మా కాలేజీ సీటు ఇస్తే ఆ చిక్కు తీరుతుంది. స్పోర్ట్స్ కోటా పిల్లల లెవీ కాలేజీయే కడుతుంది. నేను ఫోన్ చేయగానే మస్తాన్ గొంతు మారిపోయింది. శుక్రవారం భోజనానికి ఇంటికి రమ్మన్నాడు.

ఇంటికెళ్ళి కలవడాన్ని మా వృత్తిలో హోమ్ విజిట్ అంటారు. అబ్బాయి ఎలా ఆడతాడో గ్రౌండ్‌లో తెలుస్తుంది, ఎలాంటివాడో ఇంట్లో తెలుస్తుంది. ఆ ఇంట్లో సగం సామాను అప్పటికే పెట్టెల్లో ఉంది. మస్తాన్, రియాజ్, చెల్లెలు సనా నాతోపాటు చాప మీద కూర్చున్నారు. వాళ్ళమ్మ షాహీన్ వంటింటి గుమ్మం దగ్గర నిలబడే మాట్లాడింది. సన్నగా, పొడుగ్గా, తలుపు పైకమ్మీకి కాస్త తక్కువగా ఉందావిడ. ఆవిడకీ కళ్ళద్దాలే.

ఎవరింటికెళ్ళినా నేనడిగే ప్రశ్నలు కొన్ని ఉంటాయి. ఎప్పుడైనా ఎముక విరిగిందా, ఆస్తమా ఉందా, ఆడుతుండగా కళ్ళు తిరిగాయా. రియాజ్ అన్నిటికీ లేదన్నాడు. ఇంట్లో ఇంకెవరైనా ఇంత పొడుగున్నారా అని మాటవరసకు అడిగాను.

షాహీన్ ముఖం వెలిగింది. "మా తమ్ముడన్నా. వీడు అచ్చు మేనమామ పోలికే. ఆ చేతులు, ఆ నడక. వాడుంటే వీణ్ణి చూసి ఎంత మురిసిపోయేటోడో."

ఏమయ్యాడని అడిగాను.

"మదనపల్లె మార్కెట్‌లో టమేటా పెట్టెలు లారీకి ఎత్తతా ఎత్తతా ఛాతీ పట్టుకోని పడిపోయినాడంట. ఆస్పత్రికి పోయేలోపే అయిపోయె. ఇరవై మూడేండ్లోడు. జొరం గూడా ఎరగడు."

మస్తాన్ ఆ సంగతి దాటించడానికన్నట్టు నాకు ఇంకాస్త బిర్యానీ వడ్డించాడు. నా చూపు రియాజ్ చేతుల మీదే ఉంది. అంతకు కొన్నేళ్ళ ముందు ఒక కోచింగ్ క్యాంపులో గుండె డాక్టరొకాయన మాట్లాడాడు. ఎంతో పొడవు, అంతకు మించిన చేతులు, చూపు దెబ్బతిన్న కళ్ళు, ఇంట్లో ఎవరో చిన్నవయసులో హఠాత్తుగా పోవడం, ఇవన్నీ ఒకచోట కలిస్తే ఆ పిల్లాణ్ణి ఆడించే ముందు గుండె స్కాన్ తీయించండి అన్నాడు. దానికి మార్ఫాన్ అని పేరు. శరీరంలో కణజాలాన్ని పట్టి ఉంచే బిగువు పుట్టుకతోనే తక్కువుంటుందట. పైకి కనిపించేది పొడవు. లోపల గుండెలోంచి బయలుదేరే పెద్ద రక్తనాళం మెల్లగా ఉబ్బుతూ పోతుంది. బరువులెత్తినా, వేగంగా పరిగెత్తినా ఒకరోజు చిరగొచ్చు. మేం వెతికే శరీరమూ అదే, ఆ జబ్బు ఉండే శరీరమూ అదేనని ఆయన చెప్పినప్పుడు హాల్లో కోచ్‌లందరం ఒకరి ముఖాలొకరం చూసుకున్నాం.

ఆయన చూపించిన చిన్న పరీక్షలు రెండు గుర్తున్నాయి. చేయి కడుక్కున్నాక రియాజ్‌ని పిలిచి, బొటనవేలు లోపల పెట్టి పిడికిలి బిగించమన్నాను. బొటనవేలి కొస పిడికిలి అవతలి వైపు నుంచి బయటికొచ్చింది. ఒక చేతి మణికట్టును ఇంకో చేతి బొటనవేలు, చిటికెనవేళ్ళతో చుట్టమన్నాను. రెండు వేళ్ళూ ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. ఇదేదో ఆటనుకుని సనా కూడా చేసి చూసింది. దాని బొటనవేలు పిడికిట్లోనే ఉండిపోతే ఓడిపోయినట్టు మూతి ముడుచుకుంది.

కిందికి దిగి కారు దగ్గర మస్తాన్‌తో ఒక్కడితోనే మాట్లాడాను. నాకున్నది అనుమానమేననీ, నేను డాక్టర్ని కాననీ చెప్పి, గుండెకు ఎకో అనే స్కాన్ తీయించాలన్నాను.

"ఎకోలో ఏమన్నా ఉందంటే సీటు పోతాదా సార్?"

నేను అబద్ధం చెప్పదలచుకోలేదు. "పోవచ్చు మస్తాన్ భాయ్."

"సీటు పోతే వాడికీ ఎగ్జిట్ వేయల్ల. ఎగ్జిట్ వేస్తే ఇన్సూరెన్సు పోతాది. జబ్బుందని తెలిసినాక వైద్యం లేకుండా యాడికి తీస్కపోవల్ల సార్ వాణ్ణి? తెలీకుండా ఉండేదే మేలేమో."

అతను చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. "ముందు తెలుసుకుందాం. తరవాతది తరవాత. నేను మీతోనే ఉంటాను" అని మాత్రం అన్నాను. అతను తలూపాడు గాని నన్ను నమ్మాడనిపించలేదు.

కాలేజీలో ఇంకో గొడవ. ఆటగాళ్ళకు కాలేజీ చేయించే మెడికల్‌లో బీపీ చూస్తారు, ఈసీజీ తీస్తారు. రియాజ్‌కి రెండూ బాగానే వచ్చాయి, ఫిట్ అని రాసిచ్చారు. ఈసీజీ గుండె కొట్టుకునే తీరు చెబుతుంది గాని, రక్తనాళం ఉబ్బితే చెప్పదు. కాప్టెన్ నబీల్ మర్నాటి నుంచే అతన్ని ప్రాక్టీసుకు దించమన్నాడు. ఎకో అయ్యేదాకా దించనన్నాను.

"నువ్వే కదా వాణ్ణి తెచ్చింది? ఇప్పుడు నువ్వే వద్దంటున్నావు. డాక్టరు ఫిట్ అన్నాక నీకెందుకు భయం?" అన్నాడు.

వాళ్ళ మేనమామ సంగతి చెప్పాను. అలాంటి కథలు ప్రతి ఇంట్లోనూ ఉంటాయన్నాడు. ఆయన మీదా ఒత్తిడి ఉంది, పోయిన సీజన్‌లో మేం గెలిచింది తక్కువ. చివరికి విసుగ్గా, టోర్నమెంటుకు ముందు తేల్చుకురా, లేకపోతే నేనే దించుతాను అన్నాడు. ఆ పూట నా ఉద్యోగం ఇంకాస్త దగ్గరగా గుమ్మం వైపు జరిగిందని అర్థమైంది. అయినా రియాజ్‌ని పిలిచి, ఎకో అయ్యేదాకా బంతి ముట్టుకోవద్దని గట్టిగా చెప్పాను. అతను సరే సార్ అన్నాడు గాని ముఖం మాడ్చుకున్నాడు.

ఎకో తీయించడం కూడా తేలిగ్గా కాలేదు. మొదటి క్లినిక్‌లో డాక్టరు, ఈసీజీ బాగుంది, ఇన్సూరెన్సువాళ్ళు ఒప్పుకోరు అని పంపించేశాడు. మస్తాన్ అదే మంచి శకునమనుకున్నాడు. ఇక వదిలేద్దామన్నాడు. అక్కడ తుర్కీ పూనుకున్నాడు. ఖోబర్‌లోనే ఒక పెద్దాసుపత్రిలో గుండె విభాగానికి మమ్మల్ని తీసుకెళ్ళి, రిసెప్షన్‌లో తనే అరబీలో మాట్లాడాడు. గొంతు పెంచలేదు, కౌంటరు దగ్గర నుంచి కదలనూ లేదు. కాసేపటికి సిరియా డాక్టరమ్మ ఒకావిడ బయటికొచ్చింది. మేనమామ సంగతి తుర్కీ చెబుతుంటే విని, రియాజ్‌ని నిలబెట్టి తలనుంచి పాదాల దాకా ఒకసారి చూసింది. అంతే, ఇన్సూరెన్సు సంగతి నేను రాసిస్తాను, లోపలికి రమ్మంది.

ఎకో గదిలోకి మస్తాన్, నేను కూడా వెళ్ళాం. రియాజ్ పక్కకు తిరిగి పడుకున్నాడు, కాళ్ళు బల్ల దాటి గాల్లో ఉన్నాయి. డాక్టరమ్మ జెల్ రాసి, చేతిలో పరికరాన్ని ఛాతీ మీద ఒకేచోట మళ్ళీ మళ్ళీ ఆనించి చూసింది. మొదట మాట్లాడుతూ ఉన్నది తరవాత మాట్లాడడం మానేసింది. అప్పుడే నాకు తెలిసిపోయింది.

గుండెలోంచి బయటికొచ్చే మహాధమని మొదట్లో ఉబ్బి ఉందని చెప్పింది. పాత సైకిల్ ట్యూబు ఒకచోట పలచబడి బుడగ కట్టినట్టు అనుకోండి. ఆపరేషన్ చేసి ఆ ముక్క మార్చాలి, ఆలస్యం చేయకూడదు, మేనమామ పోయిన తీరు చూస్తే అసలే చేయకూడదు అంది. తరవాత నావైపు తిరిగింది.

"మీరేనా కోచ్? ఆడుతున్నాడా?"

"లేదు. ఇంకా దించలేదు" అన్నాను.

"మంచి పని చేశారు. ఇక దించకండి."

మస్తాన్ గోడకు ఆనుకుని అలాగే నిలబడిపోయాడు. తుర్కీ అతని భుజం పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టాడు. రియాజ్ చొక్కా వేసుకుంటూ నన్ను చూసి అన్న మాట ఇప్పటికీ గుర్తుంది.

"మీరు మా ఇంటికి రాకపోయుంటే బావుండేది సార్. నేను హాయిగా ఆడుకునేవాణ్ణి."

పద్దెనిమిదేళ్ళ కుర్రాడు. ఆ రోజుకి అతను పోగొట్టుకున్నది ఆటే, ప్రాణం సంగతి ఇంకా అతనికి ఎక్కలేదు.

ఇక మస్తాన్ భయపడ్డదే మిగిలింది. ఆడని పిల్లాడికి స్పోర్ట్స్ కోటా సీటు ఎవరిస్తారు? రిపోర్టు తీసుకెళ్ళి కాప్టెన్ నబీల్ బల్ల మీద పెట్టాను. నన్ను తిడతాడనో, సరే ఇంకొకణ్ణి వెతుకు అంటాడనో అనుకున్నాను. ఆయన చదివాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. మళ్ళీ చదివాడు.

"రేపు దించుదామనుకున్నాను వీణ్ణి" అన్నాడు మెల్లగా.

లేచి రిపోర్టు చేత్తో పట్టుకుని డీన్ గదికి వెళ్ళాడు. నేను వెనకే వెళ్ళాను. డీన్ సౌదీ పెద్దమనిషి, రూల్స్ మనిషి. ఆడలేనివాడికి ఆ సీటు కుదరదని మర్యాదగానే అన్నాడు. నబీల్ కూర్చోలేదు.

"నా జట్టుకు ఎంపికైనవాడు. ఇప్పుడు దెబ్బ తగిలింది. దెబ్బ తగిలిన ఆటగాడి సీటు మనం ఎప్పుడైనా తీసేశామా?"

డీన్ రూల్స్ పుస్తకం తీసి చూశాడు. గాయపడ్డ ఆటగాళ్ళకు సీటు ఉంటుందన్న రూలు నిజంగానే ఉంది. దెబ్బ కోర్టులో తగలాలని అందులో లేదు. సీటు ఉంచాడు. చదువుతున్న కాగితం వచ్చింది, దాంతో ఇఖామా నిలిచింది, దాంతో ఇన్సూరెన్సూ నిలిచింది. మస్తాన్ వాళ్ళ కంపెనీలో ప్రభుత్వాఫీసుల పనులు చూసే మందూబ్, షాహీన్‌కీ సనాకీ వేసిన ఎగ్జిట్‌లు కూడా రద్దు చేయించాడు. ఆపరేషన్ అయ్యేదాకా తల్లి అక్కడే ఉండాలి కదా.

డాక్టరమ్మ వాళ్ళందరికీ ఎకో తీసింది. ఇది వంశంలో వచ్చే జబ్బు, ఒకరికుంటే ఇంట్లో అందర్నీ చూడాలి. సనాకి ఏమీ లేదు. షాహీన్‌కి కొద్దిగా ఉంది, ఆపరేషన్ అవసరం లేదు, రోజూ మాత్ర వేసుకుంటూ ఏటా చూపించుకుంటే చాలన్నారు. అది విన్నప్పుడు ఆవిడ తమ్ముణ్ణి తలుచుకుని ఏడ్చింది. "ఆ పొద్దు మాకెవురూ చెప్పలే అన్నా, ఇట్లాంటిది ఒకటుంటాదని" అంది. నబీల్ ఆసుపత్రికి వచ్చినప్పుడు అలాంటి కథలు ప్రతి ఇంట్లో ఉంటాయన్న తన మాట గుర్తొచ్చిందేమో, ఆవిడ ఎదుట తల దించుకునే నిలబడ్డాడు.

ఆపరేషన్ రోజు పొద్దున్నే వెళ్ళాం. మస్తాన్ తస్బీహ్ పూసలు తిప్పుతూ కూర్చున్నాడు. షాహీన్, సనా ఆడవాళ్ళ వైపు ఉన్నారు. తుర్కీ అందరికీ టీలు తెచ్చాడు, ఎవరూ తాగలేదు, చల్లారిపోయాయి. మధ్యాహ్నం దాటింది. తలుపు తెరుచుకున్నప్పుడల్లా లేచి నిలబడి మళ్ళీ కూర్చుంటున్నాం. సాయంత్రం అసర్ నమాజు అయిన కాసేపటికి సర్జన్ వచ్చి, ముక్క మార్చాం, సొంత కవాటమే ఉంచగలిగాం, గుండె బాగా కొట్టుకుంటోంది అన్నాడు. మస్తాన్ అక్కడే నేలకు నుదురు ఆనించి సజ్దా చేశాడు. లేచి నన్ను కావలించుకున్నాడు. నా భుజం తడిసింది. నేనూ పక్కనే కూర్చుండిపోయాను. ఇన్నాళ్ళూ నా ఛాతీ మీద కూడా ఏదో బరువుండేదని, అది దిగాకే తెలిసింది.

రియాజ్ నాతో మామూలుగా మాట్లాడ్డానికి ఇంకా కొన్నివారాలు పట్టింది. ఒకరోజు ప్రాక్టీసు చూడ్డానికి వచ్చి, బెంచీ మీద నా పక్కన కూర్చుని, "సార్, ఆ నంబర్ సెవెన్ ప్రతిసారీ ఎడమవైపే తిరుగుతున్నాడు, గమనించారా" అన్నాడు. నేను గమనించలేదు. మర్నాటి నుంచి మ్యాచ్‌లు వీడియో తీసి, ఎవరు ఎక్కడ తడబడుతున్నారో చూసి చెప్పే పని అతనికిచ్చాడు నబీల్. ఆ సీజన్ మేమేమీ గెలవలేదు. పోయినేటి కంటే కొంచెం మెరుగ్గా ఓడాం. అయినా చివరి మ్యాచ్ అయ్యాక నబీల్ అందరికీ అక్కడి మాంసపు అన్నం మందీ తినిపించాడు.

ఆ విద్యాసంవత్సరం చివర నా కుర్చీ తుర్కీకి వెళ్ళింది. అది ముందే తెలిసిన సంగతి. నేను ఎగ్జిట్ మీద గుంటూరు వచ్చేశాను. ఇప్పుడు పిల్లలకు ఆట నేర్పుతున్నాను, రెండు కాలేజీలకు ఆటగాళ్ళను వెతికి పెడుతున్నాను. రియాజ్ డిగ్రీ అక్కడే పూర్తిచేసి, అక్కడే ఒక స్పోర్ట్స్ అకాడమీలో వీడియోలు విశ్లేషించే ఉద్యోగం చేస్తున్నాడు. మాత్ర వేసుకుంటాడు, ఏటా ఎకో తీయించుకుంటాడు, నడుస్తాడు, బంతి ఆడడు. ఆ తరవాత ఊరికి వెళ్ళిపోయిన షాహీన్, సనా రాయచోటిలో క్షేమంగా ఉన్నారు. బాగా పొడవున్నవాడెవడూ ఎకో లేకుండా కోర్టులోకి దిగకూడదని కాలేజీలో తుర్కీ రూలు పెట్టించాడు.

పొడవు చూస్తే నాకు ఇప్పటికీ ఆశ పుడుతుంది, అది ఈ వృత్తిలో పోయేది కాదు. కానీ ఆ కేసు తరవాత, ఒక పిల్లవాడి నుంచి నాకేం కావాలో అడిగే ముందు అతనికి ఏం ప్రమాదముందో అడగడం నేర్చుకున్నాను. చేతులు బాగా పొడవున్న పిల్లల్ని ముందు డాక్టరు దగ్గరికి పంపిస్తాను. కొంతమంది తండ్రులు విసుక్కుంటారు, మావాడికేమైంది సార్, గుండులా ఉన్నాడు అంటారు. వాదించను. ఒక్కసారి తీయించండి, మీరూ నేనూ ఇద్దరం నిశ్చింతగా ఉందాం అంటాను. ఇప్పటిదాకా నేను పంపిన వాళ్ళందరికీ నార్మల్ అనే వచ్చింది. రిపోర్టు తెచ్చి, చూశారా, ఊరికే తిప్పారు అని వాళ్ళు నన్ను దెప్పుతుంటే, నాకు ఏ మ్యాచ్ గెలిచినప్పుడూ లేనంత తేలిగ్గా ఉంటుంది. వెళ్ళి బంతి తీసుకోరా అని పిల్లాణ్ణి కోర్టులోకి పంపిస్తాను.